ఫోరెన్సిక్ పరిశోధకురాలితో గంటసేపు మాట్లాడే అవకాశం వచ్చింది, ఏం అడిగితే బాగుంటుంది?

సిరోంచ అమ్మాయి:

అందరికీ నమస్తే. మాది మహారాష్ట్రలో, తెలంగాణ సరిహద్దున ఉన్న సిరోంచ. చంద్రపూర్‌లో హాస్టల్లో ఉండి బీఎస్సీ చివరి ఏడాది చదువుతున్నాను. కెమిస్ట్రీ, జువాలజీ నా సబ్జెక్టులు. వచ్చే శనివారం మా డిపార్ట్‌మెంటుకు ఫోరెన్సిక్ సైన్స్‌లో పరిశోధన చేసే ఒక మేడం వస్తున్నారు. మా జువాలజీ మేడం, ఆమె ఒకప్పుడు కలిసి చదువుకున్నారట. తాడోబా పులుల అడవి చూడటానికి ఇంటివాళ్లతో వస్తూ మాకు ఒక పూట ఇస్తున్నారు. స్టేజీ, మైకు, శాలువా ఏమీ వద్దన్నారట. లైబ్రరీ పక్క గదిలో చాయ్ తాగుతూ కూర్చుందాం, పిల్లలకు ఏం కావాలో వాళ్లనే అడగమనండి అన్నారట.

మా క్లాసు గ్రూపులో అప్పుడే ప్రశ్నలు మొదలయ్యాయి. జీతం ఎంత, టీవీలో చూపించినట్టే ఉంటుందా, ఏదైనా మర్డర్ కేసు చెప్పమందామా అని. ఆ గంట అలా అయిపోవడం నాకు ఇష్టం లేదు. అలాంటి మనిషి మళ్లీ మా కాలేజీకి ఎప్పుడొస్తారో!

నాకు ఈ చదువు మీద మనసు పడటానికి కారణం ఉంది. మా వాడలో ఒకాయన పత్తికి మందు కొట్టి ఇంటికొచ్చి, రాత్రికి వాంతులు చేసుకుని పడిపోయాడు. ఆస్పత్రికి చేరాక బతకలేదు. పోస్టుమార్టం చేసి సీసాల్లో ఏవో పెట్టి సీలు వేసి పంపారు. ఆ తర్వాత ఆయన భార్య పరిహారం కాగితాల కోసం ఎక్కడికి పోయినా ఒకటే మాట, "సీఏ రిపోర్ట్ వచ్చిందా?" అదే కెమికల్ అనలైజర్ రిపోర్ట్, ఆ సీసాల పరీక్ష ఫలితం. అది నెలల తరబడి రాలేదు. ఆ సీసాలు ఎక్కడికి పోతాయి, వాటిని ఎవరు తెరుస్తారు, అందులో ఏం చూస్తారు అని నాకు అప్పటి నుంచి తెలుసుకోవాలని ఉంది. ఆ పని నేనే చేయాలని కూడా ఉంది.

పన్నెండో తరగతి దాకా మరాఠీ మీడియంలో చదివాను. ఇంగ్లిష్ చదివితే అర్థమవుతుంది, మాట్లాడాలంటే తడబడతాను. ఆమె ముందు ఎలా మాట్లాడాలో అని టెన్షన్‌గా ఉంది. ఇంకోటి, మా అమ్మ "శవాల దగ్గర పని మనకెందుకు బిడ్డా" అంటోంది. అమ్మకు ఏం చెప్పాలో కూడా ఆ మేడంనే అడగొచ్చా? ఈ రంగంలో ఉన్నవాళ్లు, చదువుతున్నవాళ్లు చెప్పండి.

బల్లార్షా తమ్ముడు, నాగపూర్:

అక్కా, కోర్సుల గురించి ఆమెను అడిగి టైం పోగొట్టుకోవద్దు. అది నేనే చెప్తా. మన మహారాష్ట్రలో ప్రభుత్వ ఫోరెన్సిక్ సైన్స్ సంస్థలు ముంబయి, నాగపూర్, ఔరంగాబాద్ (ఇప్పటి ఛత్రపతి శంభాజీనగర్)లలో ఉన్నాయి. నేను నాగపూర్‌లో చదువుతున్నా. దేశం మొత్తానికి పెద్దది గాంధీనగర్‌లోని నేషనల్ ఫోరెన్సిక్ సైన్సెస్ యూనివర్సిటీ. అంతకుముందు గుజరాత్ రాష్ట్ర యూనివర్సిటీగా ఉండేది, 2020లో పార్లమెంటు చట్టంతో జాతీయ యూనివర్సిటీ అయింది. దానికి ఎన్‌ఎఫ్‌ఏటీ అని సొంత ఎంట్రెన్స్ ఉంది. తెలుగు వైపు పోవాలనుకుంటే ఉస్మానియాలో ఎమ్మెస్సీ ఫోరెన్సిక్ ఉంది. పరిశోధనకు పోవాలంటే యూజీసీ నెట్‌లో ఫోరెన్సిక్ సైన్స్ ఒక సబ్జెక్టుగా ఉంది. ఫ్యాక్ట్ అని ఇంకో పరీక్ష కూడా ఉంది, ఈ రంగంలో నీ స్థాయి ఎంతో తేల్చేది.

ఒక్క మాట మాత్రం గట్టిగా చెప్తా. ఫోరెన్సిక్ అని పేరున్న డిగ్రీ ఉంటేనే ల్యాబులోకి రానిస్తారని అనుకోవద్దు. టాక్సికాలజీకి, అంటే విషాల పరీక్షకు, కెమిస్ట్రీ వాళ్లు కావాలి, డీఎన్‌ఏకు బయాలజీ వాళ్లు కావాలి, బుల్లెట్లు చూసే విభాగానికి ఫిజిక్స్ వాళ్లు కావాలి. నీ చేతిలో కెమిస్ట్రీ, జువాలజీ రెండూ ఉన్నాయి. ఏ పోస్టుకు ఏ డిగ్రీ అన్నది ప్రతి నోటిఫికేషన్లో రాసి ఉంటుంది, అది చదువు.

దెగ్లూర్ మామ:

బిడ్డా, నేను విషపరీక్షల విభాగంలో చాలా ఏళ్లు పనిచేసి రిటైరైనవాణ్ణి. మాది దెగ్లూర్. నువ్వు సీసాల సంగతి అడిగావు కాబట్టి రాస్తున్నా.

సీసా రాగానే తెరవం. ముందు సీలు చూస్తాం. లక్క మీద పడిన ముద్ర, పోలీసులు వేరే కాగితం మీద పంపిన నమూనా ముద్ర ఒకటేనా కాదా, లక్క ఎక్కడైనా పగిలిందా, చీటీ మీద ఉన్న పేరు, పోస్టుమార్టం నంబరు, లెటర్‌లో ఉన్నవీ కలుస్తున్నాయా అని చూస్తాం. కలవకపోతే అక్కడే ఆగిపోతుంది. మళ్లీ స్టేషన్‌కు ఉత్తరం, అక్కడి నుంచి జవాబు. మీ వాడ ఆవిడకు నెలలు పట్టడానికి ఇదొక్కటే కారణం అనను. ఖాళీగా ఉన్న పోస్టులూ కారణమే, ఉన్న ఇద్దరి ముందు గుట్టగా పడి ఉన్న ముద్దెమాలూ (కేసుల్లో పట్టుకున్న సామానూ) కారణమే. ఆ బాధ పడేది ఎప్పుడూ బీదవాళ్లే, అది నేను కళ్లారా చూశాను.

ఒక సీసాలో పొట్ట, పొట్టలో ఉన్నది, చిన్నపేగు ముక్క ఉంటాయి. ఇంకోదాంట్లో కాలేయం, రెండు మూత్రపిండాల్లోంచి సగం సగం. ఇక కరగనంతగా ఉప్పు కలిపిన నీళ్లలో వీటిని పెడతారు. రక్తం వేరే సీసాలో. ఇవన్నీ కాక, ఒట్టి ఉప్పునీళ్లే ఉన్న సీసా ఒకటి రావాలి. అదెందుకో నేను చేరిన కొత్తలో నాకూ అర్థం కాలేదు, మా పెద్దాయన చెప్పాడు. రేపు కోర్టులో "ఆ విషం మీ ఉప్పులోనే ఉందేమో" అంటే చూపించడానికి అది. ఆ సీసా లేకుండా పంపే ఆస్పత్రులు ఉన్నాయి. అలా వచ్చినప్పుడు నాకు కోపం కంటే దిగులు ఎక్కువ వేసేది.

తర్వాత కణజాలాన్ని సన్నగా తరిగి, ద్రావకంతో విషాన్ని బయటికి లాగుతాం. సిలికా పూసిన పలక మీద చుక్క పెట్టి, పక్కనే తెలిసిన పురుగుమందు చుక్క పెట్టి, రెండూ ఎంత ఎత్తు పాకాయో చూస్తాం. దాన్నే టీఎల్‌సీ అంటాం. అది దారి చూపిస్తుంది. ఖాయం చేయడానికి జీసీ-ఎంఎస్ లాంటి యంత్రం కావాలి. చాలాసార్లు మూత తీయగానే వెల్లుల్లి వాసనో కిరోసిన్ వాసనో వచ్చి ఆర్గానోఫాస్ఫేట్ రకం పురుగుమందు అని ముక్కే చెబుతుంది. అయినా ముక్కు చెప్పింది రిపోర్టులో రాయం.

ఇప్పుడు నువ్వు ఆ మేడంను అడగాల్సిన ప్రశ్న. తాగినవాడి పొట్టలో మందు ఉంటుంది. కొట్టినవాడికి అది చర్మం గుండా, ఊపిరి గుండా పోతుంది. అలాంటివాడి పొట్టలో వెతికితే ఏమీ దొరక్కపోవచ్చు. ఆస్పత్రిలో కొన్నాళ్లు ఉండి పోయినా దొరక్కపోవచ్చు. రిపోర్టులో "విషం కనబడలేదు" అని వస్తుంది. విషం లేదని దాని అర్థం కాదు, కానీ ఆఫీసులో కూర్చున్నవాడు అలాగే చదువుతాడు. 2017లో యవత్మాల్ జిల్లాలో పత్తికి మందు కొట్టిన కూలీలు ఎంతమంది ఆస్పత్రి పాలయ్యారో, ఎన్ని ఇళ్లల్లో మనుషులు పోయారో మనందరికీ గుర్తే. "చర్మం గుండా పోయిన మందును ఎలా పట్టుకోవాలి, దానికి ఆస్పత్రిలో ఏం దాచిపెట్టాలి?" అని అడుగు. జీతం కంటే ముందు ఈ ప్రశ్న అడిగిన పిల్లను ఏ పరిశోధకురాలూ మరిచిపోదు.

భాష గురించి దిగులు వద్దు. హిందీలో అడుగు, మరాఠీ కలుపు. మీ సిరోంచలో మనిషి తెలుగులో చెప్పిన మాట పంచనామాలో మరాఠీలో పడుతుంది. ఆ రెండూ చదవగలిగినవాళ్లు ల్యాబులో ఎంత అవసరమో నాకు తెలుసు.

రాజురా వకీలు:

దెగ్లూర్ పెద్దాయన రాసింది ప్రతి జూనియర్ వకీలు చదవాలి. కోర్టు వైపు నుంచి కొంచెం చేరుస్తాను.

సీఏ రిపోర్ట్‌ను చాలా కేసుల్లో దాన్ని రాసిన మనిషిని పిలవకుండానే సాక్ష్యంగా తీసుకుంటారు. క్రిమినల్ కేసులు నడిపే పద్ధతి చెప్పే పాత చట్టం సీఆర్‌పీసీలో 293వ సెక్షన్ ఉండేది, 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక సురక్షా సంహితలో అది 329. కానీ కోర్టు కావాలనుకుంటే పిలవొచ్చు. పిలిచినప్పుడు మేం కెమిస్ట్రీ జోలికి పోయేది తక్కువ. తేదీలు అడుగుతాం. వస్తువు ఏ రోజు పట్టుకున్నారు, ఏ రోజు పంపారు, మధ్యలో ఎక్కడ ఉంది, ఎవరు మోసుకెళ్లారు, ఆ కానిస్టేబుల్ సంతకం ఏది. రక్తం అంటిన బట్టను తడిగానే ప్లాస్టిక్ కవర్లో కట్టి పంపిన కేసు నేను చూశాను, బూజు పట్టి డీఎన్‌ఏ పనికి రాకుండా పోయింది. నీడన ఆరబెట్టి కాగితం కవర్లో పెట్టి ఉంటే సరిపోయేది. దానికి ఖర్చు ఏముంది? చాలా కేసులు శాస్త్రం చేతగాక పోవు, ఇలాంటి చోట్ల పోతాయి. ఈ మాట నేను డిఫెన్స్ వైపు నిలబడేవాణ్ణై ఉండి చెబుతున్నాను.

అదే సంహితలో 176వ సెక్షన్ మూడో ఉపసెక్షన్ చూడండి. ఏడేళ్లు, అంతకు మించి శిక్ష పడే నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణులు ఘటన జరిగిన చోటికి వెళ్లి ఆధారాలు సేకరించాలి. దాన్ని పూర్తిగా అమలు చేయడానికి రాష్ట్రాలకు ఐదేళ్లు గడువు ఇచ్చారు. సిరోంచ నుంచి గడ్చిరోలి రెండు వందల కిలోమీటర్ల పైమాటే, వానాకాలంలో ఆ దారి సంగతి మీకే తెలుసు. అక్కడ నేరం జరిగితే నిపుణుడు ఎన్ని గంటలకు చేరతాడు? ఆ లోపు ఆధారాన్ని ఎవరు, ఎలా కాపాడాలి? ఈ ప్రశ్న నా తరఫున అడగండి.

ధర్మాబాద్ అక్క:

చెల్లె, నేను హైదరాబాద్‌లో డీఎన్‌ఏ ల్యాబులో పనిచేస్తున్నా. అమ్మకు ఇది చదివి వినిపించు. పోస్టుమార్టం చేసేది డాక్టర్లు, ఎంబీబీఎస్ చదివినవాళ్లు, కొన్నిచోట్ల ఆ పైన ఫోరెన్సిక్ మెడిసిన్ కూడా చదివినవాళ్లు. వాళ్ల పని వేరు, మన పని వేరు. నేను చేరిన నాటి నుంచి ల్యాబులో ఒక్క శవం కూడా చూడలేదు. నా ముందుకు వచ్చేది దూదిపుల్ల, బట్టముక్క, ఎప్పుడన్నా ఒక ఎముక. అయినా మనసు కష్టపడే రోజులు ఉంటాయమ్మా, అది దాచను. చిన్నపిల్లల కేసుల్లో బట్టల కొలత చూస్తేనే చేయి ఆగిపోతుంది. కాసేపు బయటికి వచ్చి మళ్లీ పోతాను. ఆ మేడంను ఇది కూడా అడుగు, సిగ్గుపడకు.

డీఎన్‌ఏ ఫింగర్‌ప్రింటింగ్‌ను మన దేశంలో నిలబెట్టింది హైదరాబాద్‌లోని సీసీఎంబీ అనే పరిశోధన సంస్థలో లాల్జీ సింగ్ గారు. పోయే ముందు ఆయన పని గురించి కాస్త చదువుకో. ప్రపంచంలో మొదటి వేలిముద్రల బ్యూరో 1897లో కలకత్తాలో పెట్టారని, వేలిముద్రలను వర్గాలుగా విడదీసే లెక్కల వెనక అజీజుల్ హక్, హేమచంద్ర బోస్ అనే ఇద్దరు మనవాళ్లు ఉన్నారని కూడా తెలుసుకుని పో. ఈ శాస్త్రం బయటి నుంచి వచ్చిందని నీ క్లాసులో ఎవరైనా అంటే చెప్పొచ్చు.

సిరోంచ అమ్మాయి:

అందరికీ దండాలు. శనివారం అయిపోయింది. కొంచెం వివరంగా రాస్తాను, మీరందరూ అంత ఓపిగ్గా చెప్పారు కదా.

మేడం వచ్చి కుర్చీలు గుండ్రంగా వేయించారు. ఎవరినీ పేరు తప్ప ఏమీ అడగలేదు. చాయ్ వచ్చాక బ్యాగులోంచి తెల్ల కాగితాలు తీసి తలా ఒకటి ఇచ్చారు. ట్రేలో ఉన్న చక్కెర చిటికెడు కాగితం మధ్యలో వేసి, మూడు మడతలు ఇటు, మూడు మడతలు అటు, చివర ఒకదాంట్లో ఒకటి దోపి పొట్లం కట్టడం చూపించారు. జిగురు లేదు, పిన్ను లేదు. తర్వాత మా పొట్లాలన్నీ ఒక నల్ల అట్ట పుస్తకం మీద దులిపారు. ఎవరి పొట్లంలోంచి పలుకు రాలిందో అట్ట మీద తెల్లగా కనబడింది. ఒక పలుకే అయినా అది పోయిన సాక్ష్యమే అన్నారు.

తర్వాత పొట్లం మీద లోపల ఏముందో, ఎక్కడ దొరికిందో, ఎప్పుడు, ఎవరు తీశారో రాసి సంతకం పెట్టమన్నారు. దాదాపు అందరం "చక్కెర" అని రాశాం. "చక్కెర అని మీకు ఎవరు చెప్పారు? పరీక్ష చేశారా?" అన్నారు. తెల్లటి పలుకులు, చాయ్ ట్రేలోని గిన్నెలోంచి, అని మాత్రమే రాయాలట. తెలిసిన పేరు ముందే రాసేస్తే ల్యాబులో ఉన్నవాళ్ల కన్ను కూడా అటే పోతుందట. నాకు ఆ గంటలో అన్నిటికంటే ఇదే లోపలికి దిగింది. మొన్నటి దాకా ప్రాక్టికల్ రికార్డులో నేను రాసేదంతా జవాబు తెలిసి రాసేదే కదా.

దెగ్లూర్ మామా, మీ ప్రశ్న హిందీలోనే అడిగాను. ఆమె కప్పు కింద పెట్టి, "ఇది ఎవరు చెప్పారు నీకు?" అన్నారు. మీ గురించి చెప్పాను. మనిషి బతికి ఉండగానే ఆ మందుల వల్ల తగ్గే కోలినెస్టరేజ్ అనే ఎంజైమ్ రక్తంలో ఎంత పడిపోయిందో చూసి రాసి పెట్టాలని, ఒంటి మీది చొక్కా, తలగుడ్డ విడిగా కాగితంలో కట్టి దాచాలని, ఏ మందు కొట్టాడో ఆ డబ్బా, పంపులో మిగిలింది కూడా పంపాలని చెప్పారు. మా ఊళ్లో ఆయన చొక్కా గురించి ఎవరికీ తోచనే లేదు. మా ఊరి ఆశా అక్కకు ఇది చెప్పి వచ్చాను, ఆమె నోట్‌బుక్‌లో రాసుకుంది.

వకీలు గారి ప్రశ్నకు సూటిగా జవాబిచ్చారు. నిపుణుడు వచ్చేలోపు ఆ చోటికి మొదట చేరేది ఊళ్లో పోలీసులకు సాయపడే పోలీస్ పాటిల్, బీట్ పోలీసు. చుట్టూ తాడు కట్టడం, ఎవరినీ తొక్కనివ్వకపోవడం, వాన వస్తే బోర్లించిన తొట్టితో అడుగుజాడను కప్పడం వాళ్లకు నేర్పకుండా చట్టం ఒక్కటే మారితే సరిపోదన్నారు. 

ఆమె సొంత పరిశోధన ఈగల మీద. చనిపోయిన శరీరం మీద పచ్చగా మెరిసే పెద్ద ఈగలు వాలి గుడ్లు పెడతాయి, పురుగు ఎంత ఎదిగిందో చూసి ప్రాణం పోయి ఎంతసేపైందో లెక్క కడతారు. ఎదుగుదల వేడిని బట్టి మారుతుంది కాబట్టి గంట గంటకూ ఉష్ణోగ్రత కావాలి. దొరికిన పురుగుల్లో కొన్నింటిని వేడినీళ్లలో చంపి ఆల్కహాల్‌లో దాస్తారు, కొన్నింటిని బతికించి ఈగ అయ్యేదాకా పెంచుతారు, అప్పుడే అది ఏ జాతిదో ఖాయమవుతుంది. మావాళ్లలో సగం మంది ముక్కు మూసుకున్నారు. నేను మాత్రం ఆమె ఫోన్లో ఫొటోలు ఒక్కొక్కటీ ఆపి చూశాను. పుస్తకాల్లో ఉన్న ఎదుగుదల పట్టికలు చాలావరకు ల్యాబులో ఒకే వేడి దగ్గర పెట్టి తయారు చేసినవట. మా చంద్రపూర్‌లో మే నెలలో 45 డిగ్రీలు దాటుతుంది. అంత ఎండలో పురుగు ఎదగడం ఆగుతుందా, నీడలోకి పాకుతుందా, చస్తుందా, రాత్రి మళ్లీ ఏం చేస్తుంది? "మీ ఎండకు లెక్క మీరే కట్టాలి" అన్నారు. మా జువాలజీ మేడం వెంటనే ఒప్పుకున్నారు. ఈ ఎండాకాలం కాలేజీ వెనక జాలీ పెట్టెలో మేక కాలేయం పెట్టి చూడబోతున్నాం.

జీతం ప్రశ్న చివరికి ఒకబ్బాయి అడిగేశాడు. ఆమె దాటవేయలేదు. నెట్‌లో జేఆర్‌ఎఫ్ అనే పరిశోధన ఫెలోషిప్ వస్తే నెలకు 37,000 రూపాయలు, ఇంటి అద్దె భత్యం వేరే. అది రాకుండా ప్రాజెక్టుల మీద ఉంటే ఒక ప్రాజెక్టు అయిపోయి ఇంకోటి దొరికేదాకా చేతిలో ఏమీ ఉండదు, తనకూ అలాంటి కాలం గడిచిందని చెప్పారు. ఇంటి బాధ్యత మీద ఉన్నవాళ్లు ముందు ల్యాబు ఉద్యోగంలో చేరి తర్వాత పీహెచ్‌డీ చేయడంలో తప్పేం లేదన్నారు. మా నాన్న చేసేది రోజుకూలీ పని కాబట్టి నాకు ఈ మాట అవసరం, దాచకుండా చెప్పినందుకు ఆమె మీద గౌరవం పెరిగింది.

ధర్మాబాద్ అక్కా, అమ్మకు మీరు రాసింది ఫోన్లో చదివి వినిపించాను. రెండుసార్లు చదివించుకుంది. ఇంకా సరే అనలేదు కానీ, "ఆమెకు పెళ్లయిందా, ఇంటికి ఎన్నింటికి వస్తుంది" అని అడిగింది. జవాబు చెప్పండి అక్కా, అమ్మ ఎదురుచూస్తోంది.

తమ్ముడూ, ఎన్‌ఎఫ్‌ఏటీ పాత ప్రశ్నలు ఉంటే పంపు. మామా, ఈగల పనికి ఉష్ణోగ్రత ఎలా రాసుకోవాలో మీరే చెప్పాలి.

ధర్మాబాద్ అక్క:

పెళ్లయింది, ఒక పాప. మామూలు రోజుల్లో ఆరింటికల్లా ఇంట్లో ఉంటా. కోర్టు సమన్లు వస్తే వేరే ఊరు పోవాలి, ఆ రోజుల్లో మా అత్తమ్మ పాపను చూసుకుంటుంది. అమ్మను నాతో మాట్లాడమను, నంబరు మెసేజ్‌లో పెట్టా.

బల్లార్షా తమ్ముడు, నాగపూర్:

ప్రశ్నలు పంపుతా అక్కా. కెమిస్ట్రీలో క్రోమటోగ్రఫీ యూనిట్ మాత్రం వదలకు, మామ చెప్పిన పలక మీది చుక్కలన్నీ అందులోనే ఉన్నాయి.

దెగ్లూర్ మామ:

బిడ్డా, థర్మామీటర్లు రెండు పెట్టండి. ఒకటి నీడలో, గాలికి. ఇంకోటి కాలేయానికి ఆనుకుని, ఎందుకంటే పురుగులు గుంపు కట్టాక వాటి వేడి వాటికే పుడుతుంది, బయటి లెక్క పనికిరాదు. గంట గంటకూ ఒక్కరే చూడలేరు, వంతులు వేసుకోండి. ఎవరు చూశారో వాళ్ల సంతకం ఆ అంకె పక్కనే పడాలి. నిద్రపట్టి ఒక గంట తప్పిపోతే అక్కడ ఖాళీ గడి వదిలేసి చూడలేదని రాయండి, పైదీ కిందదీ కలిపి మధ్య అంకె వేయొద్దు. పెన్సిల్ వాడొద్దు. మొదటి వారం పేజీలు ఫొటో తీసి నాకు పంపు.